ముప్పై ఆరడుగుల బండికి చోటెక్కడ?

మా సందులో ఎవరు కొత్త కుక్కర్ కొన్నా మూడో విజిల్ లోపు నాకు తెలిసిపోతుంది. అలాంటిది, గోడకు గోడ ఆనుకున్న పొరుగింటి రాజనర్సయ్య రెండున్నరేళ్లుగా రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని సనత్‌నగర్ షెడ్డుకు వెళ్లి ఏం చేస్తున్నాడో మాత్రం అంతు చిక్కలేదు. అడిగితే, "రిపేరు అక్కా, జర పెద్ద రిపేరు" అని తప్పించుకునేవాడు. మొన్న శ్రావణంలో ఒక ఆదివారం ఆయనే వచ్చి మా తలుపు కొట్టాడు.

"సీతక్కా, చెప్పులేస్కో. నీకొకటి సూపియ్యాలె."

దోసె పెనం మీద ఉండగానే స్టవ్ కట్టేసి బయలుదేరాను.

షెడ్డు తలుపు పక్కకు జరిపాడు. లోపల ఒక బస్సు. బస్సంటే బస్సు కాదు, బస్సంత ఇల్లు! బయట చిలకపచ్చ రంగు, లోపల పాలతెలుపు. ఎక్కి చూద్దును కదా, ఒక పక్క వంటగట్టు, సింకు, చిన్న ఫ్రిజ్. ఇంకో పక్క మంచం. మంచానికి సరిగ్గా తలదిండు ఎత్తులో ఇంత వెడల్పు అద్దం కిటికీ. వెనక బాత్‌రూమ్. దాని తలుపు మా ఇంటి వీధి తలుపు కన్నా వెడల్పు. నేను ప్రతి అరా తెరిచాను, ప్రతి కుళాయీ తిప్పాను. మంచం మీద పడుకుని చూశాను కూడా.

"ఉన్నది ఇద్దరు మనుషులు. ఇంత పెద్ద బండి ఎందుకయ్యా?" అన్నాను.

ఆయన మూల నుంచి ఒక చక్రాల కుర్చీ తెచ్చి, మంచానికీ బాత్‌రూమ్‌కీ మధ్య పెట్టి గుండ్రంగా తిప్పాడు. కుర్చీ ఎక్కడా తగలకుండా చుట్టూ తిరిగింది.

"చిన్నదాంట్ల గిది తిరగదు అక్కా," అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు. ఆ బండి ఆయన భార్య మంగవ్వ కోసం.

రాజనర్సయ్య గురించి రెండు ముక్కలు చెప్పాలి. జనగాం పక్క పల్లె నుంచి పదహారో ఏట సనత్‌నగర్ వచ్చి బస్సు బాడీలు కట్టే షెడ్డులో చేరాడు. కంపెనీ నుంచి వచ్చేది ఇంజనూ, చక్రాలూ, కింది చట్రమూ మాత్రమేనట. దాని మీద ఇనుప గొట్టాలు నిలబెట్టి, రేకు బిగించి, సీట్లు వేసి బస్సు చేసేది వీళ్లు. నలభై ఐదేళ్లు అదే పని. ఆయన చేతుల మీదుగా ఎన్ని స్కూలు బస్సులు, ఎన్ని టూరిస్టు బస్సులు వెళ్లాయో లెక్కలేదు. "నా బస్సులు కాశీ పోయినయ్, షిర్డీ పోయినయ్. నేనే మూసాపేట దాటలే" అని నవ్వుతాడు. టేపు లేకుండా అంగుళం కూడా నమ్మని మనిషి. మా ఇంట్లో అలమర బిగించడానికి వచ్చినప్పుడు గోడను మూడుసార్లు కొలిచి, నన్ను కూడా ఒకసారి కొలిచాడు, పై అరకు నా చెయ్యి అందుతుందో లేదో అని!

మంగవ్వకు నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. పంజాగుట్ట ఆసుపత్రిలో నెలన్నర ఉంచారు. మాట తిరిగి వచ్చింది కానీ కుడి పక్క రాలేదు. అప్పటి నుంచి ఆవిడకు మంచం, చక్రాల కుర్చీ, వీధి గుమ్మం. అంతే లోకం. ఒళ్లు పుండ్లు పడకుండా కింద గాలి పరుపు ఉంటుంది. దాని మోటారు రాత్రంతా తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే రాజనర్సయ్య గుండె కూడా పోయినంత పని అవుతుంది.

ఆ మంగవ్వకు ఒకే ఒక కోరిక. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు చూడాలి. ఇదేదో సరదా కాదు. ఆవిడ తండ్రి ఆ ఆనకట్టకు రాళ్లు మోసిన కూలీ. మంగవ్వ పుట్టింది కూలీల గుడిసెల్లోనే. గోడ లేచింది కానీ, గేట్లు బిగించక ముందే వాళ్ల కుటుంబం వేరే పనికి వెళ్లిపోయింది. ఏటా టీవీలో గేట్లు ఎత్తినప్పుడల్లా ఆవిడ కుర్చీ ముందుకు లాగించుకుని, "మా నాయిన మోసిన రాళ్ల మీదికెల్లే దుంకుతున్నయ్ నీళ్లు. ఒక్కపాలి కండ్లార సూడాలె" అనేది. ఆయన ప్రతిసారీ "పోదాం లే" అనేవాడు. ఆవిడ నడుస్తున్న రోజుల్లో ఆయన పని వదల్లేదు. పని వదిలేనాటికి నడక పోయింది.

"ఇగ బండి అయింది. గేట్లెత్తుడే తరువాయి," అన్నాడు షెడ్డులో. ఆయన గొంతులో ఆ ఉత్సాహం నేనెప్పుడూ వినలేదు.

చిక్కల్లా ఒకటే. కుదుపు రోజుకు మూడు గంటలు మించకూడదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. అంటే పోయేటప్పుడు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఒక రాత్రి దారిలో ఆగాలి. బండిలో బ్యాటరీలు ఐదు గంటలే వస్తాయి. గాలి పరుపుకు ప్లగ్గు కావాలి. ట్యాంకుకు నీళ్లు కావాలి. ముప్పై ఆరడుగుల బండి నిలబెట్టుకోనిచ్చే చోటు కావాలి. హోటళ్ల వాళ్లు కార్లయితేనే రమ్మంటారు. పెట్రోలు బంకుల్లో ప్లగ్గు దొరకదు.

సరిగ్గా అప్పుడే ఆయనకు ఫోనొచ్చింది. పంజాగుట్టలో ఏదో మాల్‌లో బకెట్ కొంటే కూపన్ రాయించుకున్నారట. "సార్, మీరు సెలెక్ట్ అయ్యారు!" అని. ఇలాంటి ఇల్లున్న బండ్లు ఆగడానికే దేశమంతా క్యాంపులు కట్టారట, ఒకసారి మెంబరైతే ఎక్కడైనా ఆగొచ్చట, అందులో ఒకటి సాగర్ రోడ్డు మీదే ఉందట! భార్యాభర్తలిద్దరూ వచ్చి గంటసేపు విని, భోజనం చేసి వెళ్లాలి.

"మంగ రాలేదు. ఆమె బదులు నువ్వు రా అక్కా. నాకంటె నువ్వే మంచిగ అడుగుతవ్."

ఈ పిలుపుకే కదా నేను పుట్టింది! వినాయక నిమజ్జనం అయిన మూడో రోజున, పట్టుచీర కట్టుకుని పంజాగుట్ట హోటలుకు వెళ్లాను.

చల్లటి హాలు, గుండ్రటి బల్లలు, గోడ మీద సినిమా తెరంత టీవీ. వివేక్ అని టై కట్టిన పిల్లాడొకడు మా బల్ల దగ్గర కూర్చున్నాడు. మంచివాడే, మాటే ఆగదు.

"నమస్తే సార్! నమస్తే మేడమ్! పెళ్లయి ఎన్నేళ్లయింది మీకు?"

"నాకు యాభై రెండేళ్లయింది బాబూ. ఈయనతో కాదు. ఈయన భార్య ఇంట్లో ఉంది. నేను పొరుగింటి దాన్ని, ప్రశ్నలు అడగడానికి వచ్చాను."

మంచినీళ్లు తాగుతున్న రాజనర్సయ్యకు పొలమారింది. వివేక్ టీవీలో బొమ్మలు వేశాడు. పచ్చగడ్డి, చెట్ల కింద తెల్లటి బండ్లు, రంగుల లైట్లు. ప్రతి బండి పక్కనా ప్లగ్గు డబ్బా, నీళ్ల కుళాయి. అది చూసేసరికి రాజనర్సయ్య కళ్లు తళతళలాడాయి. కుర్చీ చివరికి జరిగాడు.

"అగో, ప్లగ్గున్నది! అక్కా, సూడు, ప్లగ్గు!"

"ఈ రోజు చేరితేనే ఈ ఆఫర్ సార్. రేపు ఉండదు," అన్నాడు వివేక్, కాగితం ముందుకు జరుపుతూ.

రాజనర్సయ్య జేబులోంచి పెన్ను తీశాడు. టేపు లేకుండా అంగుళం నమ్మని మనిషి! నాకు ఒళ్లు మండింది.

"ఆగు. బాబూ, మీ గేటు ఎత్తెంత?"

"ఇంటర్నేషనల్ స్టాండర్డ్ మేడమ్."

"అంటే ఎన్ని అడుగులు?"

"అన్ని రకాల వెహికల్సూ వస్తాయి మేడమ్."

"బొమ్మలో ఉన్నవన్నీ బుజ్జి వ్యాన్లే కదయ్యా. మాది బస్సు. ముప్పై ఆరడుగులు. మీ క్యాంపులోకి బస్సు వెళ్లడం నువ్వు కళ్లతో చూశావా?"

వివేక్ నవ్వాడు, టై సవరించుకున్నాడు. "నేను ఆఫీసులోనే ఉంటాను మేడమ్" అన్నాడు చివరికి, చిన్నగా. ఆ నిజానికి వాడంటే నాకు ఇష్టం కలిగింది.

"అక్కా, నువ్వూకో జర," అని రాజనర్సయ్య విసుక్కున్నాడు. "మంచి చోటు దొరికెటాళ్లకు నువ్వు..."

"నర్సయ్యా, మా గోడ మూడుసార్లు కొలిచావు. మంగ పడుకునే చోటు ఒక్కసారి కొలవవా?"

పెన్ను అక్కడే ఆగింది. కాసేపు కాగితం వంక, కాసేపు నా వంక చూసి పెన్ను జేబులో పెట్టేశాడు. వివేక్ పాపం పై వాళ్లను అడిగొచ్చి, ఆఫరు ఆదివారం దాకా ఉంచుతామన్నాడు. మేం భోజనం చేసే వచ్చాం. గులాబ్‌జామ్ బాగుంది.

శనివారం పొద్దున సాగర్ బస్సు ఎక్కాం. మా చేతుల్లో వినాయకుడి కర్ర ఉంది. ఇది మా సందు వ్యవహారం, చెప్తేగానీ తెలియదు. ఏటా విగ్రహం తెచ్చే ముందు దారి పొడుగునా ఒక కర్ర పట్టుకుని నడుస్తాం. విగ్రహం ఎంత ఎత్తో, కర్ర అంతకంటే ఒక మూర ఎక్కువ ఉండాలి. ఆ కర్రకు ఏ వైరు తగిలితే దాన్ని పైకి కట్టించాలి. మూర ఎందుకంటే, గుంతలో పడి లేచినప్పుడు బండి ఎగురుతుంది కదా, దేవుడి కిరీటం వైర్లకు తగలకూడదు. ముప్పై ఏళ్లుగా ఆ కర్ర చేసేదీ, ఆ మూర లెక్క పెట్టిందీ రాజనర్సయ్యే. విడదీసి మోసుకెళ్లడానికి వీలుగా ముక్కలు ముక్కలుగా చేసి, ఒకదాంట్లో ఒకటి దూర్చేలా ఇనుప గొట్టాలు తొడిగాడు.

కండక్టరమ్మ వచ్చి నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టిచ్చి, సీట్ల మధ్య పడున్న కర్రముక్కలు చూసింది.

"గిదేంది తాతా? చేపలు పట్టనీకి పోతున్నవా?"

"బస్సును పట్టనీకి బిడ్డా," అన్నాడు ఆయన. బస్సంతా నవ్వింది. ఆయన ఆ రోజు అంత హుషారుగా ఉన్నాడు.

మాల్ అనే ఊరు దాటి చాలా దూరం వెళ్లాక క్యాంపు వచ్చింది. బొమ్మలో ఉన్నట్టే ఉంది, అబద్ధం చెప్పకూడదు. పచ్చగడ్డి, పూలు, చెట్లు. గేటు మీద రాతి కమాను. మేనేజరు రఘురామ్ అని నిదానస్తుడు. వచ్చిన పని చెప్తే, "కొలుచుకోండి, తప్పేముంది" అన్నాడు.

రాజనర్సయ్య కర్ర జోడించి కమాను కింద నిలబెట్టాడు. పదకొండున్నర అడుగులు, పైనున్న ఏసీ డబ్బాతో కలిపి మా బండి ఎత్తు. పైన రెండు వేళ్ల సందు మిగిలింది.

"దూరింది అక్కా! దూరింది!" కర్ర పట్టుకునే గంతేశాడు అరవై దాటిన మనిషి.

నేనూ చప్పట్లు కొట్టబోయాను. కానీ కర్ర చివర ఏదో తేడాగా కనిపించింది.

"నర్సయ్యా, మూర ఏదయ్యా?"

ఆయన కర్ర పైకి చూశాడు. పైన తొడగాల్సిన మూర ముక్క లేదు. ఇంట్లో మెట్ల కిందే ఉండిపోయింది. దేవుడి బండికి ముప్పై ఏళ్లుగా కలిపిన మూరను, సొంత బండి దగ్గరకు వచ్చేసరికి సంతోషంలో వదిలేసి వచ్చాడు. కిందికి చూశాడు. కమాను కిందే స్పీడు బ్రేకర్, మోకాలి ఎత్తున కాకపోయినా చాలినంత ఎత్తు ఉంది.

"బ్రేకరు మీదికెక్కితే ఏసీ డబ్బా కమానుకు కొడ్తది," అన్నాడు మెల్లగా.

రఘురామ్ లోపలికి తీసుకెళ్లాడు. రాజనర్సయ్య సంచిలోంచి ముప్పై ఆరడుగుల తాడు తీసి బండి ఆగే సిమెంటు గచ్చు మీద పరిచాడు. గచ్చు అయిపోయింది, తాడు అయిపోలేదు. గడ్డి దాటి, పూలమొక్కలు దాటి, పక్కవాళ్ల కుర్చీల కిందికి వెళ్లింది.

ఆ పక్కనే ఒక చిన్న వ్యాన్‌లో వచ్చిన పడుచు జంట ఉంది. అమ్మాయి పేరు ధాత్రి. నేను వ్యాన్ లోపలికి తొంగిచూస్తే, "రండి ఆంటీ" అని అన్నీ చూపించింది. మంచం మడిస్తే బల్ల, బల్ల మడిస్తే గోడ!

"మాకైతే సూపర్ ఆంటీ. ఇప్పటికి నాలుగు క్యాంపులు తిరిగాం. నెల ముందే బుక్ చేసేసుకుంటాం, వచ్చి ప్లగ్ పెట్టుకుంటాం, అంతే."

"నెల ముందా?" అన్నాడు రాజనర్సయ్య. "ముందు రోజు సెప్తే ఇయ్యరా సారూ?"

"శని, ఆదివారాలు కష్టమండీ," అన్నాడు రఘురామ్.

"గేట్లు ఎప్పుడెత్తుతరో ప్రాజెక్టోళ్లు నాకు నెల ముందు చెప్తరా? ఎత్తినంక నాలుగు రోజులుంటయో, రెండు రోజులుంటయో!"

రఘురామ్ తాడు చివర దాకా చూసి అన్నాడు. "పెద్దాయనా, నిజం చెప్తా. మూడేళ్లలో మా దగ్గరకొచ్చిన పెద్ద బండి టెంపో ట్రావెలర్. ఇదిగో ఇలాంటి వ్యాన్ల కొలతలకే కట్టాం ఇవన్నీ. మీది వస్తే తిరగడానికి కూడా చోటుండదు. చేరాక బాధపడడం కన్నా ముందే తెలియడం మంచిది కదా."

నేను కొంగులో ముడేసుకుని తెచ్చిన ప్రశ్నలన్నిటికీ ఆ ఒక్క మాటతో జవాబొచ్చింది. మెంబర్‌షిప్ చెడ్డది కాదు. ధాత్రి లాంటి వాళ్లకు చక్కగా సరిపోయింది. మంగవ్వ బండికి సరిపోదు. అంతే.

తిరుగు బస్సు కోసం సాగర్ రోడ్డు మీది మల్లేపల్లి దగ్గర స్టాపులో కూర్చున్నాం. రాజనర్సయ్య కర్రముక్కలు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు. పొద్దుటి హుషారు ఏమైపోయిందో.

"బండిని కోసేస్త అక్కా," అన్నాడు హఠాత్తుగా.

"ఏంటి?"

"వెనక పద్నాలుగు అడుగులు కోసి మళ్ల బిగిస్త. ఇరవై రెండడుగులైతే ఆ గచ్చు మీద పడ్తది. ఏసీ తీసేస్త."

"వెనక ఉన్నదేంటి? బాత్‌రూమ్, కుర్చీ తిరిగే చోటు, ఎక్కే తలుపు. అవి కోసేశాక మంగ ఎక్కేదెలా?"

ఇంకో ఆరు నెలలు పని అని ఆయనకూ తెలుసు, ఈ ఏటి నీళ్లు ఆరు నెలలు ఆగవని నాకూ తెలుసు.

ఎదురుగా చూశాను. రోడ్డు అవతల ఒక ఫంక్షన్ హాలు. గులాబీ రంగు గోడ, ఎత్తయిన కమాను కింద ఇనుప గేటు. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటుండగా టక్కున గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట మా ఆడపడుచు మనవరాలి పెళ్లి ఇక్కడే! హైదరాబాద్ నుంచి పెళ్లిబస్సుల్లో వచ్చాం. ఒకటి కాదు, మూడు. మూడూ ఆ గేటులోంచే లోపలికి వెళ్లాయి, ఆ ఆవరణలోనే పక్కపక్కన ఆగాయి. రాత్రంతా లైట్లు, కూలర్లు, వంటవాళ్ల గ్రైండర్లు...

నేను లేచి నిలబడ్డాను.

"నర్సయ్యా! పెళ్లిబస్సు పొడుగెంత?"

"ముప్పై ఆరు, నలభై. ఎందుకు?"

"ఇది ఏ నెల?"

"భాద్రపదం."

"భాద్రపదంలో పెళ్లిళ్లుంటాయా?"

ఆయన నా మొహం చూశాడు. గులాబీ గోడ చూశాడు. మరుక్షణం కర్రముక్కలు భుజాన వేసుకుని రోడ్డు దాటేస్తున్నాడు. వెనక నేను పరిగెత్తలేక చస్తున్నాను!

గేటు సందులోంచి తొంగిచూస్తే ఎవరూ లేరు. పెళ్లి భోజనాలు పెట్టే అరుగుల నిండా మక్కకంకులు ఎండబోసి ఉన్నాయి. నేను గేటు గడియ టంగుటంగున కొట్టాను. పైట నడుముకు చెక్కుకుంటూ ఒకావిడ వచ్చింది. పేరు కమలకుమారి. హాలు ఆవిడదే.

"బుకింగా? గిప్పుడు ముహూర్తాలు లేవు గదమ్మా. దసరా అయినంక రండి."

"ముహూర్తాలు లేవనే వచ్చామమ్మా," అన్నాను నేను. మొత్తం కథ చెప్పాను. గాలి పరుపు, మోటారు, ఆనకట్ట, మంగవ్వ తండ్రి, అన్నీ. నేను మొదలుపెడితే మధ్యలో ఆపడం ఎవరి తరం కాదు.

ఆవిడ గేటు బార్లా తెరిచింది.

"వంటోళ్లకు త్రీఫేజ్ బోర్డున్నది. బోరు నీళ్లున్నయ్. చోటు చూస్తుండ్రు గదా. గీ నెలంత మక్కలకు కావలి ఉండుడే నా పని. మనుషులొస్తే మంచిదేనాయె. ఎప్పుడొస్తరు?"

"గేట్లెత్తిన నాడు," అన్నాడు రాజనర్సయ్య. కర్ర జోడించి గేటు కింద నిలబెట్టాడు. ఈసారి నా వైపు తిరిగి, కర్ర పైన మిగిలిన సందు వైపు మోచేయి ఎత్తి మూర కొలిచి చూపించాడు. మూర కూడా కలిసింది. దాని మీద ఇంకో మూర కూడా ఉంది! మూడు పెళ్లిబస్సులు తిరిగిన ఆవరణలో ఆయన తాడు పట్టుకుని చుట్టూ నడిచాడు, కంకుల మధ్య నుంచి, చిన్నపిల్లాడిలా.

తిరుగుదారిలో బస్సులో కూర్చుని కిటికీలోంచి మేం లెక్కపెట్టిన ఫంక్షన్ హాళ్లు పద్దెనిమిది. పొద్దున అదే రోడ్డున వెళ్లినప్పుడు ఒక్కటీ కనపడలేదు మాకు!

ఆదివారం వివేక్‌కు ఫోన్ చేసి వద్దని చెప్పాడు. మంగళవారం సాయంత్రం నేను పప్పు తాలింపు వేస్తుండగా పక్కింట్లోంచి కేక. మంగవ్వ అంత గట్టిగా అరవగలదని అప్పటిదాకా నాకు తెలియదు.

"సీతమ్మా! ఎత్తిండ్రు! గేట్లెత్తిండ్రు!"

టీవీలో తెల్లటి నీళ్లు. రాజనర్సయ్య అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

మర్నాడు తెల్లారగట్ల ఐదింటికి, కోచింగ్ సెంటర్ల జనం రోడ్డెక్కక ముందే, చిలకపచ్చ బండి మా సందు మొదట్లోకి వచ్చింది. సందంటే మైత్రీవనం వెనక సందు. తలెత్తితే ఆకాశం కన్నా ఇంటర్నెట్ వైర్లే ఎక్కువ. వినాయకుడి కర్రకు మూర ముక్క తొడిగి ముందు నేను నడిచాను. తగిలిన ప్రతి వైరునూ కర్రతో పైకెత్తి పట్టుకుంటే, కింద నుంచి బండి పాకుతూ వచ్చింది. హాస్టళ్ల బాల్కనీల్లో ఆడపిల్లలు నోట్లో బ్రష్షులతోనే, "ఆంటీ, లెఫ్ట్! ఇంకొంచెం లెఫ్ట్! పైన ఇంకో వైరు!" అని అరుస్తున్నారు. ఇద్దరు కిందికి దిగొచ్చి దుప్పట్లు ఆరేసిన తీగలు విప్పేశారు. మా గుమ్మం ముందు బండి ఆగింది. వెనక తలుపు పలకలా వాలింది. దాని మీదుగా మంగవ్వ చక్రాల కుర్చీలో లోపలికి వెళ్లింది.

ఎడం చేత్తో వంటగట్టు తడిమింది. బాత్‌రూమ్ తలుపు తడిమింది. కుర్చీ తనే అటూ ఇటూ తిప్పుకుంది.

"గిది నువ్వు జేసినవా?" అంది ఆఖరికి.

"ఇగ ఎవలు జేస్తరు?"

"మరి రిపేరు అంటివి?"

"రిపేరే. ఆలస్యమైంది గని."

ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. నేనూ తిప్పేసుకున్నాను. తర్వాత, నన్ను ఎవరూ పిలవకపోయినా, సంచి పట్టుకుని ఎక్కి కూర్చున్నాను.

ఆ రోజు మూడు గంటల ప్రయాణం. కమలకుమారి గేటు తెరిచి ఉంచింది. మక్కకంకులు ఒక పక్కకు నెట్టి చోటు చేసింది. ప్లగ్గు పెట్టగానే గాలి పరుపు మోటారు గుర్రుమంది. రాజనర్సయ్య రెండు చేతులూ జోడించి ఆ ప్లగ్గుకు దండం పెట్టాడు. నవ్వలేక చచ్చాం.

మర్నాడు పొద్దున్నే సాగర్ చేరాం. ఆనకట్ట కింద నది మీదున్న వంతెన మీదికి బండి ఎక్కేసరికి ముందు చప్పుడు వినిపించింది, ఆ తర్వాత తుంపర వచ్చి అద్దాల మీద పడింది, ఆ తర్వాత కనిపించాయి. అన్ని గేట్లూ ఎత్తారు! పాలు పొంగినట్టు, పొంగి పొంగి కింద పడి మళ్లీ పైకి లేస్తున్నట్టు. రాజనర్సయ్య బండిని నిదానంగా, నడకంత నిదానంగా నడిపాడు. మంగవ్వ మంచం మీద పడుకునే ఉంది. తలదిండు ఎత్తులో కిటికీ. కిటికీ నిండా నీళ్లు.

"నాయిన," అంది. అంతే. ఎడం అరచెయ్యి అద్దానికి ఆనించింది, తుంపర అవతల, చెయ్యి ఇవతల. కాసేపటికి నా వైపు తిరిగింది. "సీతమ్మా, గా కింది రాళ్లు కనవడ్తలేవా? నీళ్ల కింద నల్లగ? గవే. మా అవ్వ నన్ను నడుముకు కట్టుకొని గాడనే సున్నం మోసిందంట."

నాకు రాళ్లు కనపడలేదు. కనపడ్డాయన్నాను.

వంతెన అయిపోయింది. "ఇంకోపాలి తిప్పు," అంది మంగవ్వ. కిటికీ మళ్లీ ఆనకట్ట వైపే ఉండేలా, రెండు చివర్లా వెడల్పు చోటు చూసి ఆయన ముప్పై ఆరడుగులూ తిప్పుకొచ్చాడు. మళ్లీ వంతెన. మళ్లీ, "ఇంకోపాలి." మూడోసారికి అక్కడి పోలీసు ఈల వేయబోయి, కిటికీలో మనిషిని చూసి చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

నాలుగోసారి తిప్పుతుండగా రాజనర్సయ్య ఫోను మోగింది. ఆయన స్టీరింగ్ మీద ఉన్నాడు కదా, నేను తీశాను. వివేక్.

"మేడమ్, సార్‌కి కొత్త ఆఫర్ వచ్చింది. ఈ రోజు సాయంత్రం లోపు..."

"ఎవలు?" అంది మంగవ్వ. చెప్పాను. చెయ్యి చాపింది. ఫోను చేతికిచ్చాను.

"బిడ్డా, నేను మంగవ్వను," అంది, నీళ్ల హోరులో గట్టిగా. "నాకు బదులు పంజాగుట్టకు వచ్చింది మా పక్కింటామె. వచ్చే ఏడు నేనే వస్త, కూసోని నువ్వు సెప్పేది ఇంట. గప్పటిదాక మీ గేటు ఒక మూర లేపియ్యి."

ఫోను నాకిచ్చేసి, మళ్లీ అద్దానికి చెయ్యి ఆనించింది.